ముప్పై, ముప్పై ఒకటి

చేతికి వచ్చిన ఏ కాగితాన్నయినా వసుమతి ముందు తలకిందులుగా పట్టుకుని చూసేది. అక్షరాలు చదవడానికి వీల్లేనప్పుడే వాటి చుట్టూ ఎంత తెలుపు మిగిలిందో కంటికి తెలుస్తుందని ఆమె నమ్మకం. హోటల్లో మెనూ ఇచ్చినా అంతే. పిల్లలు సిగ్గుపడేవారు.

అమెరికాలోని ట్రాయ్‌లో కారు విడిభాగాల కంపెనీకి మాన్యువల్స్ కూర్చడం ఆమె ఉద్యోగం. ఆ పాపానికి తెలుగు సంఘం సావనీరు తొమ్మిదేళ్లుగా ఆమె నెత్తినే పడింది. తొమ్మిదేళ్లూ ఒకటే గొడవ. వేలెడు జాగా కనిపిస్తే చాలు, కమిటీవాళ్లు అక్కడ ఒక పువ్వో, ఎవరిదో పాస్‌పోర్ట్ ఫొటోనో అతికించమనేవారు.

2009 ఉగాది సంచికకు ఆమె స్నేహితురాలు గిరిజ ఒక కవిత ఇచ్చింది. ఆరే పాదాలు. సంఘం సభలన్నిటికీ కుర్చీలు వేసి, మళ్లీ తీసి సర్దిన గిరిజ భర్త ధర్మారావు ఆ జనవరిలో పోయాడు.

"దాని పక్కన ఇంకేం రాకుండా చూస్తావా?" అని అడిగింది గిరిజ.

వసుమతి మాట ఇచ్చింది. కవితను ఎడమవైపు ముప్పయ్యో పేజీలో పెట్టి, ఎదురుగా ముప్పై ఒకటిని ఖాళీగా వదిలింది.

ఆదివారం మధ్యాహ్నం సంఘం అధ్యక్షుడు మల్లికార్జునరావు తన ఇంటి బేస్‌మెంట్‌లో ఆఖరి ప్రతి చేతికిచ్చాడు. మర్నాడు తొమ్మిదికల్లా ఫైల్ ప్రెస్‌కి వెళ్లాలి.

"మీ ఖాళీ పేజీ జోలికి పోలేదండీ. జనం మాత్రం ప్రింట్ పడలేదనుకుంటారు. ఒక దీపం బొమ్మన్నా పెట్టుంటే బావుండేది."

"దీపం కూడా వద్దన్నాను కదండీ," అంటూ ఆమె పేజీలు తిప్పింది. కవిత కుడివైపుకు వచ్చి ఉంది. ఎడమవైపు బిర్యానీ ప్రకటన. ఖాళీ పేజీ కవిత వెనక్కి పోయింది.

"ముందు ఏమన్నా కలిపారా?"

"స్పాన్సర్లకి థాంక్స్ పేజీ. ఒక్కటేగా. చివర్లో ఫోన్ నంబర్ల పేజీ లేపేశా. టోటల్ సేమ్."

"ఒక్కటి కలిపినా తర్వాతవన్నీ జరుగుతాయండీ. ఎదురెదురుగా ఉన్నవి విడిపోతాయి."

"విడిపోతే ఏమైందమ్మా, స్టేపుల్ చేస్తారుగా."

వసుమతి మళ్లీ ముందు పేజీలకి తిప్పింది.

"ఆ థాంక్స్ పేజీ తీసేయండి."

"కుదరదండీ. స్పాన్సర్లందరికీ మెయిల్ కొట్టేశా. ఆ ఖాళీది తీసేస్తే మీ ప్రాబ్లం పోతుంది కదా?"

"టీ తాగి పోట్లాడుకోండి," అని పైనుంచి ఆయన భార్య రాధారాణి కేకేసింది.

"గిరిజకి మీరు చెబుతారా?" అంది వసుమతి.

"నేనెందుకండీ. ఫ్రెండ్స్ మీరు కదా."

టీ తాగకుండానే వచ్చేసింది.

సోమవారం పొద్దున ఆరింటికి ఆమె ఫైల్ తెరిచింది. ముందు పేజీల్లో ఆమె సంపాదకీయం ఉంది, సరిగ్గా ఒక పేజీ. మూడు వారాలు కూర్చుని రాసింది. థాంక్స్ పేజీని ఉండనిచ్చి, దాన్ని తీసేసింది. చివర్లో ఫోన్ నంబర్ల పేజీని తిరిగి చేర్చింది. ముప్పై, ముప్పై ఒకటి మళ్లీ ఎదురెదురుగా పడ్డాయని రెండుసార్లు చూసుకుని ప్రెస్‌కి పంపింది. మల్లికార్జునరావుకు కాపీ పెట్టలేదు.