కంప్యూటరు మింగిన అరగంట

ఒక విషయం ఎంత తక్కువ తెలిస్తే దాని గురించి అంత గట్టిగా మాట్లాడగలగడం ఇరవై రెండేళ్ళ వయసుకి దేవుడిచ్చిన వరం. నాకది కాస్త ఎక్కువ పాళ్ళలోనే దక్కింది. ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర్లో, మేము విశాఖపట్నం పక్కన గోపాలపట్నంలో అద్దెకుండేవాళ్ళం. నేను ఉక్కు కర్మాగారంలో ట్రైనీగా కొత్తగా చేరాను. మా బావ, అంటే అక్క భర్త, ఓడలో రేడియో ఆఫీసరు. ఆయన సింగపూర్ నుంచి ఒక చిన్న కంప్యూటరు పట్టుకొచ్చి, మా ఇంట్లో టీవీకి తగిలించి, పాడు చెయ్యొద్దని నాకొక్కడికే చెప్పి మళ్ళీ ఓడెక్కేశారు. దానితో వచ్చిన క్యాసెట్లో ఇంట్లో కూర్చుని విమానం నడిపే ప్రోగ్రాము ఒకటుంది. కింద పచ్చగా నేల, పైన నీలంగా ఆకాశం, మధ్యలో నాలుగు గీతలు, రెండు ముళ్ళు. నేను అంతవరకు విమానాన్ని దగ్గర నుంచి చూసిందే లేదు. అయినా వారం తిరిగేసరికి వీధిలో అందరికీ ల్యాండింగు పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. (నేను దింపిన ప్రతి విమానమూ నేల మీదికి కాక నేలలోకి దిగింది. ఆ సంగతి వీధికి చెప్పలేదు.)

ఆ ప్రోగ్రాములో నాకు బాగా నచ్చింది ఆకాశం. ఏ ఊరి మీద ఎగరాలో అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము ఇస్తే చాలు, ఆ వేళకి అక్కడ చీకటో వెలుగో చూపించేది. స్కూలు అట్లాసు తిరగేసి విశాఖపట్నం లెక్క ఎక్కించాను. చివర్న అదొక ప్రశ్న వేసింది: లండన్ టైముకీ మీ టైముకీ తేడా ఎన్ని గంటలు? ఐదున్నర అని చెప్పాను. ఒప్పుకోలేదు. చుక్క పెట్టి రాశాను, గీత పెట్టి రాశాను, చివరికి బతిమాలినట్టు అక్షరాల్లో కూడా రాశాను. ఎన్నిసార్లు చెప్పినా తప్పు అంటూ కీచుమంటుందే తప్ప లోపలికి తీసుకోదు. దాన్ని తయారుచేసినవాళ్ళ లెక్కలో ప్రపంచంలోని గడియారాలన్నీ పూర్తి గంటల్లోనే తేడాగా ఉంటాయి, అరగంట తేడా ఉన్న దేశం ఒకటుందని వాళ్ళకి తట్టలేదు. విసుగొచ్చి ఐదు నొక్కాను. కీచుమనకుండా మింగేసింది. అరగంటే కదా, అంత పెద్ద ఆకాశంలో అదెక్కడో సర్దుకుంటుందిలే అనుకున్నాను.

ఆ ఏడాదే మా చర్చి సంఘంలో నేను యువజన కార్యదర్శిని. ఈస్టర్ ఆరాధన మా చర్చిలో ఎప్పుడూ ఉదయం ఎనిమిదింటికే, నాలుగు గోడల మధ్యే. మిగతా చర్చిలవాళ్ళు సముద్రపొడ్డున సూర్యోదయాన చేసుకుంటుంటే మాకు చిన్నతనంగా ఉండేది. అడ్డుపడేది మాత్రం ఒకే ఒక్క సంఘ పెద్ద, రిటైరైన రైల్వే గార్డు. ఆయన్ని అందరం గార్డు తాతగారు అనేవాళ్ళం. చర్చి గంట ఆయన జేబుగడియారం చెప్పినప్పుడే మోగాలి. పాస్టరుగారి ప్రసంగం టైముకి ఒక్క నిమిషం దాటితే, ఇక కదలమని ఆయన పచ్చజెండా ఊపినట్టు చెయ్యి ఊపేవారు. మూడు నెలలు వెంటపడితే చివరికి ఒప్పుకున్నారు, కానీ షరతు పెట్టారు.

“కీర్తన ఎత్తుకున్నప్పుడు సూరీడు సరీగ్గా నీళ్ళల్లోంచి లేవాల. టైము తప్పిందంటే ఇంకెప్పుడూ బీచి పేరు ఎత్తకూడదు. మళ్ళీ ఎనిమిదింటికే, సర్చిలోనే.”

టైము సంగతి నాకొదిలేయండి తాతగారూ, నా దగ్గర కంప్యూటరుంది అన్నాను. ఇంటికెళ్ళి ఈస్టర్ తేదీ ఇచ్చి, విమానాన్ని మన సముద్రం మీద నిలబెట్టి చూశాను. తెర మీద నారింజ రంగు గీత సరిగ్గా ఐదూ పదిహేడుకి లేచింది. యూత్ కుర్రాళ్ళని పిలిచి చూపిస్తే వాళ్ళు చప్పట్లు కొట్టారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి మా పక్కింట్లో ఉంటున్న పిన్నిగారొక్కరే, వాళ్ళ గోడ మీది క్యాలెండర్లో సూర్యోదయం ఐదూ యాభై ఎనిమిదని వేసుందయ్యా అన్నారు. అది విజయవాడ లెక్కండీ, మనం తూర్పున ఉన్నాం కాబట్టి సూర్యుడు మనకి ముందే వస్తాడు అని వివరించాను. (తూర్పున ఉన్న మాట నిజమే. ఆ తేడా పది పన్నెండు నిమిషాలకి మించదన్న మాట నాకు తట్టలేదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.)

ఈస్టర్ రోజున నాలుగింటికి రెండు వ్యానుల్లో బయలుదేరాం. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, గాయకబృందం, దాదాపు సంఘమంతా వచ్చింది. బీచిలో చేరేసరికి ఇంకా చిమ్మచీకటి. ఐదూ పదిహేను కాగానే నేను ముందుకొచ్చి అందరినీ లేచి తూర్పుకి తిరగమన్నాను. పదిహేడుకి చెయ్యెత్తాను. గాయకబృందం పునరుత్థాన కీర్తన ఎత్తుకుంది. ఎంత బాగా పాడారో చెప్పలేను, సూర్యుడు తప్ప అందరూ వచ్చారు. కీర్తన అయిపోయింది. ఇంకొకటి పాడించాను. రెండో దానికీ సముద్రం నల్లగానే ఉంది. పక్కన పడవకి వల ఎక్కిస్తున్న ఒక జాలరి పాపం చాలాసేపు ఓర్చుకుని నా దగ్గరికొచ్చాడు.

“అరగంట పడతాది బాబూ. అదిగో ఆ సుక్క మాసిపోవాల ముందు.”

ఆ అరగంట అన్న మాట వినగానే కంప్యూటరు మింగిన అరగంట ఎక్కడికి పోయిందో నాకర్థమైంది. అది ఎక్కడా సర్దుకోలేదు, సంఘమంతటినీ తీసుకొచ్చి ఇసుకలో నిలబెట్టింది. చంటిపిల్లలు ఏడుస్తున్నారు. యూత్ కుర్రాళ్ళు నాకు రెండడుగులు దూరం జరిగారు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. నా పరువు పోతే పోయింది, మూడు నెలలు బతిమాలి సంపాదించిన తెల్లవారుజాము ఆరాధన ఇక శాశ్వతంగా పోతుంది. నేరుగా గార్డు తాతగారి దగ్గరికెళ్ళి, తప్పు కంప్యూటరుది కాదు, అరగంటని లెక్కలోంచి తీసేసింది నేనే అని చెప్పేశాను.

ఆయన జేబుగడియారం తీసి చూశారు. మూత వేసి జేబులో పెట్టుకున్నారు. అందరినీ కూర్చోమని, తను మాత్రం నిలబడి మాట్లాడటం మొదలుపెట్టారు. టైము తప్ప మరో మాట ఆయన నోట మేమెప్పుడూ వినలేదు.

“ముప్పై ఏళ్ళ నౌకరీలో ఒక్క ఈస్టరుకీ నాను ఇంటికాడ లేను. గూడ్సు బండి ఎనకాల బ్రేకువ్యానులో ఒక్కడినే. ముందరంతా ఇనపరాయి యేగన్లు. సిగ్నలు కాడ బండి ఆగిపోతే సీకట్లో ఒక్కడినే పాడుకునేవోడిని. వినడానికి మనిసి లేడు. అందుకే ఇన్నాళ్ళూ ఎనిమిదింటికి ఎట్టించినాను. ఆ సీకటంటే నాకు బయ్యం.”

ఆయన మేము మొదట పాడిన కీర్తనే ఎత్తుకున్నారు. గొంతు బొంగురు, శ్రుతి అసలు లేదు. మొదటి చరణం ఒక్కరే పాడారు. రెండో చరణానికి ఆయన భార్య అందుకుంది, తర్వాత ఒక్కొక్కరే, చివరికి అందరం. ఒకదాని తర్వాత ఒకటి పాడుతూనే ఉన్నాం. ఆకాశం బూడిదరంగు నుంచి ఎప్పుడు ఎర్రబడిందో నేను చూడలేదు, ఆయన మొహమే చూస్తున్నాను. సూర్యుడు ఐదూ నలభై ఏడుకి వచ్చాడని తర్వాత ఎవరో చెప్పారు. ఆ పూట తాతగారు గడియారం మళ్ళీ తీయలేదు.

వ్యానెక్కేటప్పుడు నా భుజం పట్టుకుని ఆపారు. తిట్లకి సిద్ధపడి తలొంచుకున్నాను.

“వొచ్చే ఏడూ ఇక్కడే. టైము నువ్వే ఎట్టు. కానీ ఈ అరగంట మాత్రం తియ్యకు.”

తర్వాత బావ సెలవు మీద వచ్చి, ఐదు పెట్టినా గడియారం అరగంట వెనక్కి తిప్పి ఇస్తే లెక్క సరిపోయేదని రెండు నిమిషాల్లో చూపించారు. ఆరు నొక్కి ఉంటే ఏమయ్యేదని అడిగితే, మీరు వెళ్ళేసరికి సూర్యుడు లేచి అరగంట అయ్యుండేదని నవ్వారు. ఆ రాత్రి నాకు కాసేపు నిద్ర పట్టలేదు. తాతగారు ఆ తర్వాత ఐదు ఈస్టర్లు మాతో సముద్రపొడ్డున పాడారు, శ్రుతి చివరిదాకా కుదరలేదు.

ఇప్పుడు నేనూ సంఘ పెద్దనే. సూర్యోదయం ఎన్ని గంటలకో ఫోన్లో సెకన్లతో సహా చూస్తాను, ఇంకో చోట సరిపోల్చుకుంటాను, అప్పటికీ నమ్మకం కుదరదు. ఇరవై రెండేళ్ళ ఆ కుర్రాడి ధీమాలో పదో వంతు కూడా నాలో మిగల్లేదు. ఇన్నేళ్ళలో నా లెక్క ఒక్క నిమిషం తప్పలేదు. అయినా తప్పు లెక్కతో వాడు విన్న పాట, సరైన లెక్కతో నేను ఇంతవరకు వినలేకపోయాను.