ఎక్కువ పాడినవారికే దక్కును

ఆ కాలంలో మా కరీంనగర్ జిల్లాలో బి.ఏ. ప్యాసైనవాణ్ణి జనం కొంచెం దూరం నుంచే గౌరవించేవారు. దగ్గరికొస్తే ఏదో ఒకటి అడగాల్సి వస్తుంది, అడిగితే అతను చెబుతాడు, అదీ భయం. నేను హైదరాబాదులో తెలుగు ముఖ్యాంశంగా డిగ్రీ పూర్తి చేసి, సుల్తానాబాద్ అవతల మా ఊరి మిషన్ బడిలో పంతులుగా చేరిన కొత్తలో ఈ గౌరవాన్ని పుష్కలంగా అనుభవించాను. సరిగ్గా ఏడు నెలలు. ఎనిమిదో నెలలో మా గుడి దూలం విరిగింది. (మేం చర్చిని గుడి అనే అంటాం, మా తాతలు అట్లాగే అన్నారు, దేవుడు ఇంతవరకు అభ్యంతరం చెప్పలేదు.) దూలం విరగడానికి నేను కారణం కాదు. ఆ తరువాత జరిగినదానికి మాత్రం పూర్తిగా నేనే కారణం.

మా గుడి మిషన్ దొరలు కట్టించింది. దొరలు గీత గీస్తే మా తాతలు రాయి మోశారు. మూడడుగుల మందం గోడలు, పైన పెంకులు, ఆ పెంకుల బరువంతా మోస్తూ నడిమధ్య ఒక టేకు దూలం. ఆ దూలాన్ని చెదలు ఎన్నేళ్ళుగా తింటున్నాయో తెలియదు గాని, మాకు తెలిసేసరికి అవి భోజనం ముగించి లేచినట్టున్నాయి. విరిగినచోట కింద ఒక గుంజ ఆనించాం. అయ్యగారు (మా పాస్టరుగారిని ఊరంతా అయ్యగారనే పిలిచేది) ప్రసంగంలో గొంతు పెంచినప్పుడల్లా పైనుంచి సన్నటి పొడి రాలేది. ఆయన క్రమంగా గొంతు తగ్గించుకున్నారు. ఆ ఎండాకాలం నరకాన్ని గురించి కూడా చాలా మృదువుగా చెప్పారు.

జిల్లా నుంచి వచ్చిన ఇంజినీరొకాయన తల పైకెత్తి చూసి, రెండడుగులు వెనక్కి వేసి, “మిరుగం పడ్డదంటే దీనికింద మనుషులను కూసోవెట్టకుండ్రి” అని చెప్పి వెళ్ళిపోయాడు. మృగశిర వానలను మేం మిరుగం అంటాం. అది మూడు వారాల దూరంలో ఉంది. స్వదేశం వెళ్ళిపోయిన దొరలకు ఉత్తరం రాశాం. మా దూలం కోసం ప్రతిరోజూ ప్రార్థిస్తున్నామని జవాబొచ్చింది. కాగితం చాలా దళసరిది.

మా బాపు, అంటే మా నాన్న, ఆ మిషన్ బడిలోనే పెద్ద సారుగా చేసి దిగినవాడు, గుడి పెద్ద కూడా. ఆయన ఒక్కడే మంచిర్యాల దాటి, ఆదిలాబాద్ అడవుల అంచున కట్టె డిపో ఉన్న ఒక సేటును కలిసి, ఇరవై అడుగుల టేకు దూలం బేరం చేసి, గుడి పెట్టెలో ఉన్నదంతా బయానా ఇచ్చి వచ్చాడు. సేటు ఆదివారం నాడు దూలాన్ని బండిమీద మా ఊరికి తెస్తాడు. పొద్దుగూకేలోపు మిగతా పైకం ఇస్తే దూలం గుడికి. ఇవ్వకపోతే అదే బండి కరీంనగర్ పోతుంది. అక్కడ కొత్తగా కడుతున్న టాకీసుకు సరిగ్గా అంతే దూలం కావాలట. “టాకీసుకు పోతదిరా దూలం” అని బాపు ఆ వారమంతా భోజనం దగ్గర అన్నాడు. కూతురు ఎవరితోనో లేచిపోతుందన్నంత దిగులుగా అనేవాడు.

పైకం పుట్టే దారి ఒక్కటే. ఏటా కోతల పండుగకు జనం గుడికి కానుకగా తెచ్చిన కోళ్ళను, గుమ్మడికాయలను, పెసర్లను హర్రాజు వేసేవాళ్ళం. ఊళ్ళోని రైతులూ అంగడి వ్యాపారులూ వచ్చి, మతం సంగతి పక్కనబెట్టి, కోడిని చూసి ధర పెంచేవారు. ఈసారి దూలం కోసం ప్రత్యేకంగా ఇంకో హర్రాజు. ఎవరో ఒక మంచి మేకపోతును కూడా ఇచ్చారు. చుట్టుపక్కల ఊళ్ళల్లో అంటించడానికి నోటీసు రాసే పని, చదువుకున్నవాణ్ణి కాబట్టి, నామీద పడింది.

“హర్రాజు అని పెద్దగ రాయిరా, దూరంకెల్లి కనవడాలె” అన్నాడు బాపు.

“హర్రాజు ఉర్దూ మాట బాపూ. తెలుగుల మంచి మాట ఉండంగ గదెందుకు?”

“ఏంది గా మాట?”

“పాట. వేలం పాట. పుస్తకాలల్ల గట్లనే రాస్తరు.”

బాపు ఉర్దూలో చదువుకున్నవాడు. తెలుగు విషయంలో నన్ను నమ్మాడు. నేను ‘వేలం’ అన్న మాట కూడా పరాయిదేమోనని అనుమానించి దాన్నీ కొట్టేశాను. చివరికి నలభై కాగితాల మీద, నా చేతి గుండ్రటి అక్షరాలతో, ఇట్లా తేలింది: ‘గుడి మరమ్మతు నిమిత్తము ఆదివారం పగలు మూడు గంటలకు గుడి ఆవరణలో పాట జరుగును. పాడదలచినవారెల్లరు రావలెను. మేకపోతు, కోళ్ళు మొదలగునవి కలవు. ఎక్కువ పాడినవారికే దక్కును.’

చదివి చూసుకుని, చివరి వాక్యం ముచ్చటగా ఉందనుకున్నాను.

శనివారం అంగట్లో ఉప్పు కొంటుంటే, పక్క ఊరి భజన మండలి పెద్దమనిషి, కొండగట్టుకు ఏటా నడిచిపోయే భక్తుడు, నా భుజం తట్టాడు.

“చిన్న సారూ, మేక ఒక్కటేనాయె. మేమేమో పన్నెండుమందిమి. ఎట్ల పంచాలె?”

“పన్నెండుమంది కలిసి కొంటరా?”

“కొనుడేంది? పాడుతం. ఎక్కువ పాడినోళ్ళకే అని నువ్వే రాస్తివి గద. మా పోరగాండ్లు నిన్నటిసంది గొంతు సాపు చేస్కుంటుండ్రు. ఒక్క ముచ్చట చెప్పు, తాళం మాదా మీదా?”

ఉప్పు ఎంత కొన్నానో, డబ్బులిచ్చానో లేదో ఇప్పటికీ గుర్తు రాదు. తిరిగి వస్తూ నోటీసు కనిపించిన ప్రతిచోటా ఆగి చదివాను, ఏ ఒక్కదాంట్లోనైనా వేరేలా రాసుంటానేమోనని. నేను అన్నింట్లోనూ ఒకేలా రాశాను. నిలకడ గల మనిషిని. బట్టల వ్యాపారి ఒకాయన నన్ను చూసి, “నాకు పాటలు రావు సారూ, లేకుంటె వద్దును” అని నొచ్చుకున్నాడు. కోళ్ళు కొనేది ఆయనే.

ఇంటికొచ్చాక బాపుకు చెబుదామని మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ ఆయన, “రేపటికి మంచిగనే వస్తరంటవా జనం?” అని అడిగాడు. “మస్తుగ వస్తరు బాపూ” అన్నాను. అది అబద్ధం కాదు గదా అని నా మనసుకు చెప్పుకున్నాను. అవ్వ (మా అమ్మ) మాత్రం నా కంచం వైపు చూసి, “ఏమైందిరా, రెండు బుక్కలు సుత తినలే” అంది. ఎండ దెబ్బ అన్నాను.

ఆదివారం ఆరాధనలో అయ్యగారు దాచిన తప్పులను గురించి ప్రసంగించారు. (ఆయనకేమీ తెలియదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.) నేను ఆ గంటసేపూ దూలాన్నే చూశాను. పడితే ఇప్పుడే, ఇంకెవరికీ తగలకుండా, నా ఒక్కడి మీద పడితే అందరికీ వీలుగా ఉంటుందనిపించింది.

మూడు గంటలకు గుడి ఆవరణ నిండింది. నాలుగు భజన మండలులు తాళాలతో, మృదంగాలతో దిగాయి. కొనేవాళ్ళు ఒక్కరూ రాలేదు. గేటు బయట రెండెడ్ల బండిమీద పొడుగాటి దూలం, దాని పక్కన తెల్ల టోపీతో సేటు. మేకపోతు గోడకు అంటించిన నోటీసు తింటూ ఉంది. ఆ పని నాలుగు రోజుల ముందు చేసుంటే బాగుండేది.

బాపు నా దగ్గరికొచ్చాడు. “గీ తాళాలేందిరా? కొనేటోళ్ళేరి?”

చెప్పేశాను. ‘పాట’ అన్న మాటకు ఉన్న రెండు అర్థాలనూ వివరంగా చెప్పాను. బాపు నన్ను తిట్టలేదు. దూలం వైపు ఒకసారి, ఆకాశం వైపు ఒకసారి చూసి, “టాకీసుకు పోతది” అని మాత్రం అన్నాడు. తిట్టుంటే ఎంతో హాయిగా ఉండేది.

అంతలో సేటు లోపలికొచ్చాడు. “అరే బాబా, పాట ఎప్పుడు షురూ? వస్తుంటె తొవ్వల ఒక గోడకు మీ కాగితం చూసిన. ఎక్కువ పాడినోనికే కద? నేను సుత పాడుత.”

పైకం తీసుకోవాల్సిన మనిషి పాడతానంటే కాదనే ధైర్యం మాకు లేదు. సేటు టోపీ సర్దుకుని మొదలుపెట్టాడు. అది ఆయన సొంతంగా కట్టిన పాట, టేకు చెట్టు మీద. విత్తనం దగ్గర మొదలై, తెలుగులో పోతూపోతూ మరాఠీలోకి దిగి మళ్ళీ వచ్చేది. గొంతు చెడ్డదని అనను. శ్రుతి ఒక దారిన పోతే గొంతు ఇంకో దారిన పోయేది, రెండూ చరణం చివర కలుసుకుందామని ప్రయత్నించేవి. ఎనిమిదో చరణానికి చెట్టు నా మోకాలంత పెరిగింది.

“సేటూ, మొత్తం ఎన్ని చరణాలు?” అన్నాడు భజన పెద్దమనిషి, మేక వైపు ఆత్రంగా చూస్తూ.

“ఇరవై రెండు.”

ఆవరణలో ఒక నిట్టూర్పు లేచింది. మా గుడిలో గంట కొట్టే ముసలాయన ఒకడుండేవాడు, గంట తాత అనేవాళ్ళం. అన్నేళ్ళు గంట కింద నిలబడ్డందుకు చెవులు మందగించి, ఏదన్నా అరిచే చెప్పేవాడు. ఆ రోజు ఆ చెవులకు కూడా పాట వినబడినట్టుంది. “గా పాట ఆపుతె అర్ధరూపాయి ఇస్త!” అని అరిచాడు.

అందరూ నవ్వారు. సేటు మొహం ఎర్రబడింది. “ఆపకుంట పాడనిస్తె నేనే రూపాయి ఇస్త!”

బాపు ఇరవై ఏళ్ళుగా కోతల పండుగ హర్రాజులు వేసినవాడు. ఆయన నోరు ఆయనను అడగకుండానే, “రూపాయి, ఒకటోసారి!” అంది.

అందరూ బాపు వైపు తిరిగారు. తరువాత భజన పెద్దమనిషి లేచాడు. ఆయన బాధ వేరు. సేటు ఎంతసేపు పాడితే మేక అంత దూరం పోతుంది. “ఆపుతె రెండు!” అన్నాడు.

“పాడుతె ఐదు!” అన్నాడు సేటు.

“ఆపుతె ఆరు! ఏందయ్య, మా గుడి కాదు గని, మా చెవులు మాయే గద!”

నాలుగు మండలులూ ఏకమై ఆపే వైపు పాడాయి. సేటు ఒక్కడే పాడే వైపు పాడాడు. బాపు రెండు చేతులూ ఎత్తి, చిన్నప్పటి నుంచీ నేనెరుగని గొంతుతో పిలుస్తున్నాడు. “జర నెమ్మదిగ పెంచుండ్రి” అని అయ్యగారు ఒకసారి లేచారు, మళ్ళీ పైకి చూసుకుని, మనం దూలం కింద లేమని గుర్తొచ్చి, “ఇంకెవలన్న ఉన్నరా?” అని మొదటిసారి నిండు గొంతుతో అరిచారు. ధర మేం సేటుకు ఇవ్వాల్సిన పైకానికి దగ్గరవుతుంటే నేను వేళ్ళమీద లెక్క కట్టుకున్నాను. మండలులవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని ఆగిపోయారు.

సేటు ఆగలేదు. “పెద్ద సారూ, మీరు నాకు ఇయ్యవలసింది ఎంతనో గంత. బరోబర్?”

“మూడోసారి” అన్నాడు బాపు. ఎత్తిన చేతులు దించడం మరిచిపోయాడు.

“ఇంట్ల నన్ను మూడో చరణం దాటనియ్యరు” అన్నాడు సేటు, ఎవరితోనూ కాకుండా. “ఇగ కూసోండ్రి అందరు.”

కూర్చున్నాం. మిగిలిన పద్నాలుగు చరణాలూ విన్నాం. పైకం చెల్లింది మరి. చెట్టు పెరిగింది, కొమ్మలేసింది, ఎండలు కాచింది. ఇరవయ్యో చరణంలో గొడ్డలి పడింది. ఆఖరి చరణంలో బండిమీద పోతున్న మాను, నన్ను ఏ ఇంటికి తీసుకపోతున్నవని ఎడ్లను అడుగుతుంది. అప్పుడు శ్రుతిని గురించి ఎవరూ ఆలోచించలేదు. గంట తాత తువ్వాలుతో ముక్కు తుడుచుకుని, “మంచిగనే ఉండె” అని అరిచాడు.

రాతపూర్వకంగా నేనే హామీ ఇచ్చాను కాబట్టి, ఏ అర్థంలో చూసినా ఎక్కువ పాడింది సేటే కాబట్టి, మేకపోతు ఆయనకే దక్కింది. దూలం దింపిన ఖాళీ బండిమీద దాన్ని ఎక్కించుకుని పోయాడు. భజన మండలులకు కోళ్ళిచ్చి పాడించుకున్నాం. వాళ్ళు పాడుతుంటే జనం పళ్ళెంలో వేసిన చిల్లరతో పెంకులొచ్చాయి. మిరుగానికి రెండు రోజుల ముందు దూలం పైకెక్కింది. బాపు ఆ తరువాతి నోటీసులన్నీ తానే రాశాడు, ఉర్దూలో.

తరువాత ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు తెలుగు చెప్పాను. నానార్థాల పాఠంలో ‘పాట’ దగ్గరికి వచ్చేసరికి కొంచెం ఆగేవాణ్ణి. సారుకు దాహమేసిందని పిల్లలు నీళ్ళు తెచ్చేవారు. ఇప్పటికీ మిరుగం మొదటి వానకు మా గుడి దూలం తడి గాలి పీల్చుకుని, మేం కీర్తన ఎత్తుకోగానే, సరిగ్గా అరస్వరం పక్కగా కిర్రుమంటుంది. బతికున్నన్నాళ్ళూ గంట తాత, “సేటు అందుకున్నడు!” అని గుడి మధ్యలోనే అరిచేవాడు. ఇప్పుడు తాతా లేడు, బాపూ లేడు, సేటూ లేడు. దూలం పాడుతూనే ఉంది. నేను కీర్తన ఆపి, తల పైకెత్తి వింటాను. ఆపమని ఇప్పుడెవరూ ధర పెంచరు.