కునుకు మాస్టారు

మా గైడు గారికి ఒకటే అలవాటు. ఎదురుగా కూర్చుని మనం రాసింది చదువుతుంటే నిద్రపోతారు. అందుకే విద్యార్థులందరం ఆయనకి కునుకు మాస్టారని పేరు పెట్టుకున్నాం.

నేను పీహెచ్‌డీ ఫెలోషిప్‌కి దరఖాస్తు రాస్తున్న రోజులవి. ట్రాఫిక్ హోరులో పిచ్చుకలు గొంతు పెంచి అరుస్తాయా అన్నది నా పరిశోధన. ఫెలోషిప్ వస్తే పిచ్చుకల వెంట, రాకపోతే అన్నయ్య బట్టల కొట్లో బేరాల వెంట. అన్నయ్య అప్పుడే నాకోసం ఓ స్టూలు కూడా తెచ్చిపెట్టాడు.

మొదటి చిత్తుప్రతి పట్టుకెళ్ళాను. "చదువమ్మా," అన్నారు మాస్టారు. "అనాదిగా మానవునికీ పక్షికీ గల అవినాభావ సంబంధం..." అని ఎత్తుకున్నానో లేదో ఆయన కళ్ళు మూతలు పడ్డాయి. పేరా అయ్యేసరికి సన్నగా గురక.

ఆ పేరా కొట్టేసి మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఈసారి పరిశోధనా పద్ధతి దాకా మెలకువగానే ఉన్నారు. "బహుముఖీన సమగ్ర విశ్లేషణ" అనగానే తల కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

బయట వరండాలో సీనియర్ అడిగాడు. "ఎక్కడ పడుకున్నారు?"

"పద్ధతి దగ్గర."

"అదృష్టవంతురాలివి. నాది టైటిల్ దగ్గరే."

ఆయన నిద్రపోయిన చోటల్లా కొట్టేస్తూ, తిరగరాస్తూ వచ్చాను. అన్నీ దారికొచ్చాయి గానీ, ఖర్చుల పేజీ ఎలా రాసినా గురకే. గడువు ముంచుకొస్తోంది. ఒళ్ళు మండి ఆదివారం పొద్దున్నే వాళ్ళింటికే వెళ్ళాను. మాస్టారు స్నానంలో ఉన్నారు. వాళ్ళావిడ తలుపు తీశారు.

"మేడమ్, సార్‌ని రాత్రిళ్ళు కాస్త తొందరగా పడుకోమనండి," అన్నాను.

ఆవిడ నవ్వారు. "ఆయనకి పగలు కునుకు పట్టగా నేనెప్పుడూ చూళ్ళేదు. పక్కింట్లో చెంచా కింద పడ్డా లేచి కూర్చుంటారు."

"మరి మా దగ్గర?"

"వెనకోసారి ఒకబ్బాయి రాసింది బాగాలేదని మొహం మీదే చెప్పారు. అతను చదువే మానేసి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ ఆ మాట అనడానికి ఈయనకి నోరు రాదు. కళ్ళు మూసుకుంటారు."

"మరి గురక?"

"మొదట్లో సరిగ్గా వచ్చేది కాదు. ఇంట్లో సాధన చేశారు."

మాస్టారు తల తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు. ఖర్చుల పేజీ మొదలుపెట్టాను. రెప్పలు వాలుతున్నాయి.

"సార్, నేనెక్కడికీ పారిపోను. ఏం బాగాలేదో చెప్పండి."

ఆయన ఒక కన్ను తెరిచి భార్య వైపు చూశారు. తర్వాత రెండోదీ తెరిచారు.

"రికార్డర్లకి వేశావు, మైకులకి వేశావు. రోజంతా రోడ్డు మీద నిలబడేదానివి, నీ తిండికేం వేసుకోలేదమ్మా. అడిగితే చిన్నబుచ్చుకుంటావేమోనని..."

పెన్ను తీసి ఆ పేజీ అడుగున 'తిండి' అని రాసుకున్నాను. దాంతో ఆయనకి నోరొచ్చింది. అన్నాళ్ళూ బిగబట్టుకున్నదంతా, టైటిల్ నుంచి నా చిరునామాలో తప్పు దాకా, మధ్యాహ్నం భోజనం వేళ వరకూ చెబుతూనే ఉన్నారు.

అవన్నీ దిద్ది పంపాను. ఫెలోషిప్ వచ్చింది. ఆ కబురు చెబుదామని వెళితే మాస్టారు శభాష్ కూడా అనలేదు. టోపీ తలకి తగిలించుకుని, "పదమ్మా, పిచ్చుకలేమంటున్నాయో విందాం," అంటూ నాకంటే ముందే రోడ్డెక్కారు.