మైకు బంద్ చేసిన పిల్ల

కరోనాతో బడి మూతపడిన ఏడాది, పెర్కిట్‌లో నా అద్దె గదే ఏడో తరగతి. గోడకు చిన్న నల్లబోర్డు, కుర్చీ మీద పేర్చిన డబ్బాలు, వాటి మీద ఫోను. తెర నిండా పిల్లల పేర్లే, ఒక్క మొహమూ లేదు. డేటా అయిపోతుందని అందరూ కెమెరాలు ఆపేసేవాళ్లు. లెక్క చెప్పి "అర్థమైందా?" అంటే జవాబిచ్చేది ఒక్క వేల్పూర్ పిల్లే. "అయింది సార్!" అని గట్టిగా అరిచేది.

ఆమె గొంతు వెనక గడగడమని చెవులు పగిలే మోత. పసుపు సీజను మరి. ఉడికించి ఎండబెట్టిన కొమ్ముల పొట్టు పోవాలని ఇనుప డ్రమ్ములో వేసి తిప్పుతారు. వాళ్ల ఇంటిల్లిపాదీ పొద్దంతా కల్లంలోనే, పిల్ల కూడా ఫోనుతో అక్కడే. ఏళ్లుగా ఇక్కడున్నవాణ్ణి, నాకు తెలియనిది కాదు. కానీ నా కోపం ముక్కు మీదుంటుంది. ఒకరోజు నోరు జారాను.

"క్లాసా, కల్లమా గిది? మైకు బంద్ చెయ్యి. మల్ల నోరు తెరిస్తే చూడు!"

బంద్ చేసింది. ఆ తిట్లు విని అడపాదడపా మాట్లాడే మిగతావాళ్లు కూడా బంద్ చేశారు.

ఆ తర్వాత నేను చెప్పిందంతా గోడకు చెప్పుకున్నట్టే. నా ప్రశ్నకు నేనే జవాబు చెప్పి, నా జోకుకు నేనే నవ్వుకునేవాణ్ణి. సాయంత్రం చాయ్ పెట్టుకుంటూ ఇవాళ నాతో మాట్లాడినవాళ్లెవరని వెతుక్కుంటే పాలాయన తప్ప ఎవరూ తేలేవారు కాదు. చాలా ఒంటరిగా ఉండేది. పిల్లలు ఫోన్లు ఆన్ చేసి ఆటలకు పోతున్నారని అనుమానం పట్టుకుంది. అవతల ఒక్కరైనా వింటున్నారా? నాకది తేలాలి. మైకులు తెరవమంటే సరిపోయేది. అన్న మాట వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు.

పిల్లల దొంగాట పట్టుకుందామనే ఒక పొద్దున ఆటో ఎక్కి వేల్పూర్ వెళ్లాను. వాళ్ల కల్లం పక్క బాట మీద నిలబడి, గొంతు తగ్గించి ఫోనులోనే క్లాసు మొదలుపెట్టాను. డ్రమ్ము ఇంకా తిరగడం లేదు. ఎండబోసిన పసుపుకు అవతల, ట్రాక్టరు నీడన ఆ పిల్ల అటు తిరిగి కూర్చుని ఉంది.

"నూట నలభై నాలుగులో మూడో వంతు ఎంత?" అని అడిగాను.

"నలభై ఎనిమిది సార్!"

ఆ కేక ట్రాక్టరు దగ్గర్నుంచి వచ్చింది. నా చేతిలో ఫోను కిక్కురుమనలేదు.

"అర్థమైందా?"

"అయింది సార్!"

పసుపు ఏరుతున్న వాళ్లమ్మ నన్ను చూసి దగ్గరికొచ్చింది. లెక్కల సారునని చెప్పాను.

"మీరేనా సారూ? నోరు తెరవొద్దన్నరంట గద. గప్పట్నుంచి మైకు బంద్ వెట్టి రోజూ గిట్లనే జవాబు చెప్తది. ఆయనకు ఇనబడదు గదనే అంటే, సార్ అడిగిండు గదా అంటది."

సిగ్గుతో చచ్చిపోయాను. ట్రాక్టరు దాకా నడిచి, "నలభై ఎనిమిదే బిడ్డా. మస్తు చెప్పినవ్" అన్నాను.

ఉలిక్కిపడి లేచింది. ముందు ఫోను వంక చూసుకుంది, తర్వాత నా వంక. ఫోను తెర గబుక్కున నా వైపు తిప్పింది.

"బందే ఉంది సార్. నేను తెరవలే, ఒట్టు" అంది.