గొలుసు విడిపించబోయి తుపాకీ కొన్నాను

మగాడు ఒంటరిగా అబిడ్స్ వెళ్లకూడదు. వెళ్లినా తలెత్తి దుకాణాల గోడలవైపు చూడకూడదు. నేను చూశాను. సాయంత్రానికి పోలీస్ స్టేషన్ బల్ల మీద తేలాను. ఎలాగో చెప్తాను, మధ్యలో నవ్వకండి.

నాంపల్లిలో మా కాపురం కొత్త. అద్దింటి అడ్వాన్సు కోసం మా ఆవిడ సుజాత గొలుసు అబిడ్స్‌లో తాకట్టు పెట్టాం. నేను దాన్ని విడిపించడానికి బయల్దేరిన రోజుకి మర్నాడే వాళ్ల తమ్ముడి నిశ్చితార్థం.

"ఏవండీ, తిన్నగా వెళ్లి, తిన్నగా గొలుసు విడిపించి, తిన్నగా ఇంటికి రండి" అంది. కాకినాడ పిల్ల. నా నల్గొండ బుర్రకి ఒకసారి చెబితే ఎక్కదని అప్పటికే కనిపెట్టింది.

తాకట్టు కొట్టు సేటు గొలుసు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను గోడ మీది ఎయిర్‌గన్ చూస్తున్నాను.

"గదేంది సేటూ?"

"పిట్టల తుపాకీ సార్. తాకట్టు పెట్టినోడు మళ్ల రాలే. లైసెన్స్ గిట్ల అక్కర్లేదు. జర చేతిల పట్టి జూడున్రి!"

పట్టుకున్నాను. ఎదురుగా అద్దం. అందులో ఆఫీసు గుమాస్తానైన నేను లేను, పులి మీద కాలు పెట్టిన జమీందారున్నాడు.

"సగం ధరకిస్త సార్. రేపటికుండది."

మా ఇంటికి పులులే కాదు, పావురాలు కూడా రావని అప్పుడెవరైనా గుర్తు చేసి ఉంటే! తుపాకీ బయటికొచ్చింది, గొలుసు మళ్లీ లోపలికెళ్లింది.

పాత పేపర్లు చుట్టించాను. తుపాకీకున్న దరిద్రమేమిటంటే, ఎంత చుడితే అంత తుపాకీలా కనిపిస్తుంది. ఆటోవాళ్లు నేను అడక్కముందే "రాము" అన్నారు. నడిచాను. దారిలో ఒక బ్యాంకు కాపలాదారు, తన భుజాన తుపాకీ ఉన్నా, నన్ను చూసి లోపలికి పరుగెత్తాడు. కాసేపటికి వెనక నుంచి కానిస్టేబుల్ కేక.

"ఓ అన్నా, ఆగు! ఏంది గది?"

"గొడుగు సార్."

"గొడుగుకు ట్రిగ్గర్ ఉంటదా?"

చూస్తే, పేపరు చిరిగి ఉంది. తాటిచెట్టెక్కి దూడగడ్డి కోసమన్నవాడు నాకన్నా నయం, చేతిలో కల్లుముంత పట్టుకుని ఆ మాట చెప్పలేదు.

స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ మీసం దువ్వాడు.

"బ్యాంకు దోచనీకె పోతున్నవా?"

"లేద్సార్, గొలుసు కోసం పోయిన."

"అచ్ఛా, గొలుసులు గుంజుతవా!"

నోరు తెరిచినకొద్దీ సెక్షన్లు పెరుగుతున్నాయి. మూసుకున్నాను. సుజాతకి కబురెళ్లింది. వచ్చింది.

"గొలుసేదండీ?"

గడ్డంతో బల్ల మీది తుపాకీని చూపించాను. "సగం ధరకే వచ్చింది, సుజాతా."

లాకప్‌లోని దొంగ కూడా నావైపు జాలిగా చూశాడు. ఇన్‌స్పెక్టర్ తుపాకీ ఎత్తి, నేలవైపు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాడు. టప్‌మని స్ప్రింగు ఎగిరింది, వెనకున్న కర్రముక్క ఊడి ఆయన బొటనవేలి మీద పడింది.

"గిది తుపాకీ గాదమ్మా, పొయ్యిల కట్టె!" కుంటుతూ అరిచాడు. "గిసొంటి పనికిరాని సామాను మేం ఉంచుకోం. తీస్కపోండ్రి!"

"ఏది సార్? తుపాకీనా, ఈయన్నా?"

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, కాస్త ఆలోచించాడు.

"రెండూ అమ్మా."

మర్నాడు నిశ్చితార్థంలో సుజాత ఒంటి పసుపుతాడుతో కూర్చుని, అడిగిన ప్రతివాళ్లకీ కారణం అభినయంతో సహా వివరించింది. పెళ్లికూతురికన్నా నన్నే ఎక్కువమంది చూశారు.

అందుచేత, పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ట్రిగ్గరున్న వస్తువేదీ ఈ జన్మలో నా చేత్తో కొనను. మొన్న వంటింట్లో గ్యాస్ లైటర్ పాడైంది. బజారుకి సుజాతే వెళ్లింది.