అడిగినవాడి వంటిల్లు

తుష్నాబాద్‌లో వానలు పట్టుకున్నాయంటే మా ఆవుల గిట్టలు చివికిపోయేవి. ఈ దీవుల్లో ఏడాదిలో సగానికి పైగా వానే కాబట్టి వాటి గిట్టలు బాగుండే రోజులే తక్కువ. రెండు ఆవులు, ఒక పెయ్య. తాటాకులాంటి ధనీ ఆకు కప్పిన పాకలో బురదలో నిలబడి ఉండేవి. అమ్మ రోజూ సాయంత్రం వేడినీళ్లలో ఉప్పు, పసుపు వేసి వాటి కాళ్లు కడిగేది. కడిగిన కాలు అవి మళ్లీ ఆ బురదలోనే పెట్టేవి.

"నా సేతులు అరిగిపోతన్నాయి గానీ ఈటి కాళ్లు బాగవ్వడం నేదు," అనేది.

నాన్న పోర్ట్ బ్లెయిర్‌లోని హాడో రేవులో పనిచేసి రిటైరయ్యాడు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో శ్రీకాకుళం తీరంలోని ఒక పల్లె నుంచి ఓడెక్కి వచ్చినవాడు. నేను పుట్టింది హాడో క్వార్టర్సులో. ఆయన రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చెయ్యాలి గనక, దాచుకున్నదంతా పెట్టి తుష్నాబాద్‌లో కొండవాలు మీద కాస్త నేల, ఒక చెక్క ఇల్లు కొన్నాడు. పైన పోకచెట్లు, కింద కొబ్బరిచెట్లు, ఇంటి వెనకగా ఒక గెడ్డ పారుతూ ఉండేది. అమ్మిన ముసలాయన హద్దు చూపిస్తూ చెయ్యి చాచి, "అదిగో, ఆ పనసచెట్టు దాకా మీదే," అన్నాడు. మేం నమ్మాం. ఆయనకీ అంతకు మించి తెలిసి ఉండదు. అమ్మ నీళ్లకు దగ్గరగా ఉంటుందని గెడ్డ ఒడ్డున, పనసచెట్టుకు ఇవతలే వంటిల్లు వేయించుకుంది. రాతి అరుగు, పలకల గోడలు, గెడ్డ వైపు ఒక కిటికీ. క్వార్టర్సులో ఇన్నేళ్లూ ఎవరిదో పొయ్యి దగ్గర వండిందట, ఇది తన సొంతమట. వచ్చిన ప్రతివాళ్లకూ ముందు అదే చూపించేది.

ఆవుల కోసం పక్కా సాల కట్టాలని నాన్న నిశ్చయించుకున్నాడు. వాలుగా పోసిన సిమెంటు నేల, మూత్రం పోవడానికి కాలువ, పైన రేకులు. పాత క్యాలెండరు వెనకవైపు బొమ్మ గీసి నాకు చూపించాడు. నేనప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఆఫీసులో టైపిస్టుని. పొద్దున్న బస్సుకి వెళ్లి సాయంత్రం బస్సుకి తిరిగొచ్చేదాన్ని. వ్యవసాయ భూమిలో సిమెంటుతో ఏం కట్టినా అనుమతి కావాలని ఆఫీసులో విన్నదే ఆయనకు చెప్పాను.

"అయితే అడుగుదాం," అన్నాడు.

పక్కింటాయన ఆ మాట విని కంచె మీద చేతులు వేసి నవ్వాడు. ఆయన తాత ఇంగ్లీషువాళ్ల కాలంలోనే ఇక్కడికొచ్చిన తెలుగువాడు. ఈయన ఇక్కడే పుట్టి పెరిగాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు, సగం మాటలు హిందీయే.

"పాగల్ అయినావా భయ్యా? పహలే కట్టెయ్. అడిగితే లఫడా. నాది చూడు, బాత్రూమ్ కట్టినా, వంటిల్లు పెంచినా, ఎవడొచ్చి అడిగినాడు?"

"బతుకంతా సర్కారు ఉప్పు తిన్నాను తమ్ముడూ. దొంగలాగ కట్టను."

"దొంగతనం ఏటి భయ్యా ఇందులో? ఆవుల కోసమే కదా!"

"అందుకే అడుగుతాను. ఆవుల కోసమంటే కాదనేవోడు ఎవడు?"

నాన్న నిజంగానే అలా అనుకున్నాడు. తాను ఎవరి జోలికీ పోని మనిషి, అడుగుతున్నది పశువుల కోసం, అడుగుతున్నది తాను జీవితమంతా చాకిరీ చేసిన సర్కారునే. దరఖాస్తు నేనే టైపు చేశాను. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని ఆయనే రెవెన్యూ ఆఫీసుకి పట్టుకెళ్లాడు. సాయంత్రం బస్సు దిగుతూనే అమ్మతో గొప్పగా చెప్పాడు: "కుర్చీ ఏసి కూసోబెట్టినారే."

ఆ కుర్చీ ఒక్కసారే. తరవాత వెళ్లినప్పుడల్లా నిలబడే ఉన్నాడు. సాబ్ టూర్‌లో ఉన్నాడన్నారు. వేరే దీవిలో ఉన్న రంగత్ వెళ్లాడు, తిరిగి రావడానికి ఓడ దొరకలేదు అన్నారు. ఇది మా పని కాదు, పశువుల ఆఫీసుకి వెళ్లమన్నారు. అక్కడివాళ్లు ముందు భూమి సంగతి తేల్చుకు రమ్మన్నారు. ఈలోగా ఒక వానాకాలం గడిచిపోయింది. పెద్దావు కుంటడం మొదలుపెట్టింది. పాలు సగానికి తగ్గాయి. అమ్మ సాయంత్రం నాన్న బస్సు దిగితే ముఖం చూసి, అడక్కుండానే అన్నం పెట్టేసేది.

చివరికి ఒక ఎండ కాసిన రోజున పట్వారీ వచ్చాడు, భూమి కొలవడానికి. కుర్రవాడే. వెంట చైను పట్టేవాడు ఒకడు. సెలవు పెట్టి నేనూ ఇంట్లో ఉన్నాను. అమ్మ లేత బొండాలు కొట్టించి ఇచ్చింది. నాన్న ముందు నడుస్తూ, సాల ఎక్కడొస్తుందో, కాలువ ఎటు పోతుందో చేతులతో చూపిస్తున్నాడు. పట్వారీ తల ఊపుతూ రోడ్డు దగ్గరి రాయి నుంచి కొలత మొదలుపెట్టాడు. చైను ఇంటి పక్కగా వచ్చి, పెరట్లోంచి వెళ్లి, వంటింటి గుమ్మం ముందు ఆగిపోయింది. ఇంకోసారి కొలిచాడు. మళ్లీ అక్కడే ఆగింది.

"అంకుల్, యే రసోయి ఎవరిది?"

"మాదే బాబూ."

"మీ జమీన్ ఇక్కడ ఖతమ్. రసోయి మొత్తం సర్కారీ జమీన్‌లో ఉంది. గెడ్డ ఒడ్డంతా సర్కారుదే."

"పనసచెట్టు దాకా అని చెప్పినాడే, అమ్మినాయన!"

"చెట్టు ఎవరు చూస్తారు అంకుల్? నక్షాలో చెట్టు లేదు."

అమ్మ వంటింటి గడప మీదే నిలబడి ఉంది. ఆమె చూపు కంచె దాటి పక్కింటి మీదికి వెళ్లింది. ఆ గెడ్డ ఒడ్డునే, మాకంటే ముందుకి, పక్కింటాయన వంటిల్లూ బాత్రూమూ ఉన్నాయి. ఆయన కంచె దగ్గరే నిలబడి చూస్తున్నాడు. ముఖంలో రక్తం లేదు. "మరి ఆళ్లదో?" అనబోయింది అమ్మ. "మరి" అన్న మాట బయటికొచ్చింది కూడా. నాన్న ఆమె వైపు గట్టిగా చూశాడు. ఆమె మాట మింగేసి లోపలికెళ్లిపోయింది.

నేనే అడిగాను పట్వారీని, ఇది చూడనట్టు ఉండలేవా అని. అతను చెడ్డవాడు కాదు. ఆ మాటకు నిజంగానే ఇబ్బంది పడ్డాడు.

"దీదీ, కొలిచింది రాయకపోతే నా నౌకరీ పోతుంది. మీరు పిలిచారు కాబట్టి వచ్చాను. పిలవకపోతే ఈ గల్లీలోకి నేను వచ్చేవాణ్ణే కాదు."

తర్వాత ఆవుల సాల సంగతి ఎవరూ ఎత్తలేదు. వంటిల్లు తీసెయ్యమని నోటీసు వచ్చింది. నేను మా ఆఫీసులో తెలిసినవాళ్లను అడిగాను. కొన్నాళ్లు కదలకుండా కూర్చోమన్నారు, ఎవరూ రారన్నారు. నాన్న ఒప్పుకోలేదు. వాళ్లు మనుషుల్ని పంపి పడగొట్టేదాకా ఉండడం తనవల్ల కాదన్నాడు. నేను కోపం పట్టలేక, "నీ నిజాయితీకి అమ్మ వంటిల్లు ఎందుకు బలవ్వాలి?" అన్నాను. ఆయన గునపం తీసుకుని వెళ్లాడు.

పలకలు ఒక్కొక్కటీ తనే ఊడదీశాడు. మేకులు పాడవకుండా లాగి, రాయి మీద పెట్టి సుత్తితో సాపు చేసి డబ్బాలో వేసుకున్నాడు. అమ్మ గిన్నెలూ డబ్బాలూ వసారాలోకి మోసుకొచ్చింది. రుబ్బురోలు నేలలో పాతి ఉంది. దాన్ని తవ్వి తీయడానికి ఇద్దరు మగవాళ్లు కావాలి. పక్కింటాయన ఆ రోజు పొద్దున్నే ఊళ్లో పనుందని పోర్ట్ బ్లెయిర్ వెళ్లిపోయాడు. అమ్మా నేనూ నాన్నా కలిసి దాన్ని దొర్లించుకుంటూ తెచ్చాం. అరుగు రాళ్లు మాత్రం అక్కడే మిగిలాయి.

అంతా అయ్యాక నాన్న, ఇంటి ముందున్న జాగాలో చిన్న వంటగది వేసుకోవచ్చు, దానికి మళ్లీ అడుగుతాను అన్నాడు.

"సాలకి అడిగితే వంటిల్లు పోయింది. వంటింటికి అడిగితే ఇల్లు పోద్ది. మీకు దండం పెడతాను, ఇంక ఏటీ అడక్కండి," అంది అమ్మ.

ఆ ఏడు వసారాలోనే వండింది. జల్లు కొట్టినప్పుడల్లా పొయ్యి ఆరిపోయేది. పొగ ఇంట్లోకి కమ్మేది. అమ్మకు దగ్గు పట్టుకుంది.

ఆశ వదులుకున్నాక సాలకు అనుమతి వచ్చింది. కింద కాదు, పైన పోకచెట్ల మధ్య కట్టుకోవాలట. నాన్న గీసుకున్న దానిలో సగం కొలతే. పశువులను కట్టడానికి తప్ప మరి దేనికీ వాడకూడదని షరతు. నాన్న అక్షరం తప్పకుండా అలాగే కట్టాడు. సిమెంటు నేల అద్దంలా వచ్చింది. కానీ వాన పడితే ఆ వాలు మీద మనుషులే ఎక్కలేరు, గిట్టలు చెడిన ఆవులేం ఎక్కుతాయి? రెండోసారి ఎక్కిస్తున్నప్పుడు పెయ్య జారి పడి తొడ విరిగింది. అది మళ్లీ లేవలేదు. మిగిలిన రెండింటినీ అమ్మ తీసుకెళ్లి ఆ పాత ఆకుపాకలోనే కట్టేసింది.

ఒక పొద్దున నేను లేచేసరికి వసారాలో పొయ్యి లేదు. అమ్మ గిన్నెలు మోసుకుంటూ పోకతోటలోకి ఎక్కుతోంది. నాన్న అడ్డం వెళ్లాడు.

"అది పశువులకిచ్చిన పర్మీషనే! అందులో వొండకూడదు."

"పశువులకి ఇచ్చినారు, నాకు ఇవ్వనేదు. పశువు పేరు సెప్పుకునే వొండుకుంటాను. తప్పుకోండి."

నాన్న తప్పుకున్నాడు.

సాల ఎలా కట్టారో చూడడానికి మనిషి వస్తాడని కబురొచ్చినప్పుడు, పొయ్యి దించేద్దామని ఆయన బతిమాలాడు. అమ్మ వినలేదు. వచ్చిన రోజున పెద్దావును ఎలాగో పైకి లాక్కెళ్లి పొయ్యికి అడ్డంగా కట్టింది. ముందు గడ్డి పడేసింది. వచ్చినతను లోపలికి తొంగి చూసి, ఆవును చూసి, బయటే నిలబడ్డాడు. ఆ పొయ్యి మీద కాచిన టీయే ఇచ్చాం.

"బహుత్ అచ్ఛా షెడ్ అంకుల్," అన్నాడు టీ తాగుతూ. "అందరూ మీలాగ పూఛ్‌కే, అడిగి కట్టుకుంటే మాకు తలనొప్పే ఉండదు."

నాన్న చేతులు కట్టుకుని నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. అతను వెళ్లిపోయాక వెళ్లి ఆవును విప్పి, కిందికి దింపుకొచ్చి, ఆ పూట అన్నం వద్దన్నాడు.

మరి కొన్నేళ్లకు ఊరంతా ఒక సంగతి గుప్పుమంది. సర్కారు నేలలో ముందునుంచీ కట్టుకుని ఉన్నవాళ్లకు ఆ మేరకు నేల వాళ్ల పేరనే రాసిస్తారట. నాన్న నమ్మకుండా రెండు రోజులు కూర్చున్నాడు. మూడో రోజు చొక్కా తొడుక్కున్నాడు. నేను సెలవు పెట్టి ఆయన వెంట ఆఫీసుకి వెళ్లాను. కిటికీ అవతల గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు.

"స్ట్రక్చర్ ఉందా అంకుల్?"

"ఉండేది. వంటిల్లు. మీరు తియ్యమంటే తీసేసినాను."

"ఇప్పుడు ఉందా?"

"లేదు."

"లేని దాన్ని ఏం రెగ్యులర్ చేస్తాం?"

నాన్న, "తియ్యకుండా ఉండుంటే?" అని అడిగాడు. అడక్కుండా ఉండాల్సింది.

"ఉండుంటే మీ పేరు మీద ఎక్కేది," అన్నాడు గుమాస్తా, మా వెనకవాడి కాగితాలకు చెయ్యి చాపుతూ.

తిరిగొచ్చి బస్సు దిగాక నాన్న, "మీ అమ్మకి సెప్పకు," అన్నాడు. చెప్పాల్సిన పని లేకుండా పోయింది. పక్కింటాయనకు వంటిల్లు, బాత్రూము, వాటి చుట్టూ ఉన్న నేల అన్నీ రాసిచ్చారు. ఆయన, ఆయన భార్య మిఠాయి పట్టుకుని వచ్చారు.

"నేను చెప్పలేదా భయ్యా?" అన్నాడాయన. ఎగతాళిగా అనలేదు. బాధపడుతూనే అన్నాడు. నాకు అదే ఇంకా కాలింది.

"సెప్పినావు," అంది అమ్మ. ఆ రోజు పట్వారీ ముందు తాను మింగేసిన మాట సంగతి ఆమె ఎత్తలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఎత్తలేదు. నాన్నకూ నాకూ మిఠాయి చేతిలో పెట్టింది. నాన్న తిన్నాడు. నేను కాగితంలో చుట్టి కిటికీలో పెట్టాను. చీమలు పట్టాక పారేశాను.

దాని తర్వాత నాన్న ఏ ఆఫీసు గడపా తొక్కలేదు. పింఛను పనికి కూడా నేనే బలవంతాన లాక్కెళ్లేదాన్ని. వెళ్లినా బల్ల మీద కూర్చునేవాడు, కిటికీ దగ్గరకు వచ్చేవాడు కాదు. అమ్మ చివరిదాకా ఆ పోకతోటలోనే వండింది. మోకాళ్ల నొప్పులు వచ్చాక కూడా, ఆ వాలు మీద పాకుతున్నట్టు ఎక్కి, రెండు చేతుల్లో గిన్నెలతో దిగేది. ఒకసారి జారి అన్నమంతా ఒలకబోసుకుంది. కూర్చుని ఏడుస్తుందనుకున్నాను. గడ్డిలో పడిన మెతుకులు ఏరి ఆవులకు పెట్టి, మళ్లీ ఎసరు పెట్టడానికి పైకి వెళ్లింది.

ఇద్దరూ పోయారు. ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటున్నాను. గెడ్డ ఒడ్డున, మా అరుగు రాళ్లు ఉన్న చోట, పక్కింటాయన అరటి వేశాడు. గెల కోసినప్పుడల్లా మనవరాలి చేత మాకూ ఒక అత్తం పంపిస్తాడు. అమ్మ ఉన్నన్నాళ్లూ తీసుకునేది. నేను మాత్రం తీసుకోను. ఆ పిల్ల ఎందుకని అడిగితే, నాకు అరటిపండు పడదని చెబుతాను.