ఇరవై తడకల లెక్క

“తాడు పట్టి చూసినవా బిడ్డా?”

“చూసిన బాపూ. రెండు దిక్కుల సమానమే ఉన్నది.”

నల్లగొండ దవాఖానలో మా బాపూ నేనూ చివరిసారి మాట్లాడుకున్నవి ఈ రెండు మాటలే. అక్కడి నర్సు మాత్రం ముసలాయన కలవరిస్తున్నాడనుకుంది. కలవరింత కాదది. ఇవాళ ముసురు పట్టి, దండెం మీది బాపు గొంగడి నుంచి తడి ఉన్ని వాసన వస్తుంటే ఆ సంగతి చెప్పాలనిపించింది. మా ఆయన పోయాక ఒంటరిగా మంద వెంట తిరిగి తిరిగి అక్షరాలు మరిచాను గానీ లెక్కలు మరవలేదు. నేను చెబుతుంటే, గురుకులం నుంచి సెలవులకు వచ్చిన మనుమరాలు శైలజ రాస్తోంది.

మాది పానగల్ దగ్గరి పల్లె. వానలు మొదలైతే పొయ్యి మీద మక్కకంకులు కాలే వాసన, వాకిట్లో బురద, తల్లులు మేతకు పోతే దొడ్డిలో మిగిలిన గొర్రెపిల్లల అరుపులు, ఇదే మా ఇల్లు. పచ్చి వాయిలి చెట్టు బరిగెలతో అల్లిన తడకలే ఆ దొడ్డికి గోడలు. ఏ పిల్లనైనా బయట నిలబడే చెయ్యి చాచి అందుకోవచ్చని బాపు, వాళ్ల నాయిన వేసినట్టే దొడ్డిని పొడుగ్గా, సన్నగా వేసేవాడు. నేను ఏడో తరగతిలో ఉన్న ఏడాది గొర్రెపిల్లలు ఎక్కువై ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుకోసాగాయి.

“ఇంకిన్ని తడకలు అల్లాలె. రేపటి సంది బడి బందు,” అన్నాడు బాపు.

“ఉన్న తడకలతోనే జాగా పెంచుత బాపూ,” అన్నాను. బొగ్గు తీసి అరుగు మీద గీశాను. చుట్టూ ఇరవై తడకలు. ఎదురెదురు పక్కలు సమానం కాబట్టి ఒక పొడుగు, ఒక వెడల్పు కలిస్తే పది. వెడల్పు ఎక్స్ అనుకుంటే, పొడుగు పదిలోంచి ఎక్స్ తీసేసినంత.

“గా ఎక్స్ ఎవడే? ఏ ఊరోడు?”

“ఇంకా తెల్వదు బాపూ. తెలిసినంక చెప్త.”

“తెల్వనోనికి దొడ్డి అప్పజెప్తున్నవా?” అని అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఎక్స్ రెండయితే పొడుగు ఎనిమిది, లోపల తడక పొడుగంత గళ్లు పదహారు. అదీ బాపు దొడ్డి. మూడయితే ఇరవై ఒకటి, నాలుగయితే ఇరవై నాలుగు, ఐదయితే ఇరవై ఐదు, ఆరయితే మళ్లీ ఇరవై నాలుగే. ఐదు కాడ ఆగాను.

అమ్మా నేనూ పక్కకు ఐదు చొప్పున తడకలు పాతాం. ఒక దిక్కు గడ్డివాము అడ్డం రావడంతో మొత్తం దొడ్డిని గాలిపటంలా పక్కకు వంచేశాం. పిల్లల్ని తోలితే మళ్లీ అదే తొక్కిసలాట.

“ఏడున్నడే నీ ఎక్స్? తప్పిచ్చుకపాయెనా?” అన్నాడు బాపు.

తడకలు మళ్లీ లెక్కపెట్టాను. అన్ని పక్కలా ఐదే. అప్పుడు గుర్తొచ్చింది, పక్కలు సమానమైతే చాలదు, ఒరిగితే లోపల జాగా తగ్గుతుంది, మూల నుంచి మూలకు గీసిన రెండు గీతలూ సమానం కావాలని బడిలో సారు చెప్పిన మాట. తాడు తెచ్చి పట్టి చూస్తే ఒకటి రెండోదానికి రెండింతలు దాటింది! దొడ్డిని గడ్డివాము నుంచి ఇవతలికి లాగి, దూరంగా పోయిన మూలల్ని లోపలికి నెట్టాం. తాడు రెండో కొస బాపే వచ్చి పట్టుకున్నాడు. రెండు దిక్కులా ఒక్కలాగే వచ్చింది.

కాసేపటికి ఒక పిల్ల కాళ్లు ముడుచుకుని పడుకుంది. దాని పక్కన ఇంకొకటి. అన్నీ పడుకున్నా ఇంకా జాగా మిగిలింది. బాపు గొంగడి భుజాన వేసుకుని, “పొద్దుగాల బడికి పో. పిల్లల్ని నేను చూసుకుంట,” అన్నాడు. నేను దొడ్డి చుట్టూ ఉరికాను, పడుకున్న పిల్లలన్నీ బెదిరి లేచేదాకా కేకలు పెట్టాను. ఆ తరువాత ప్రతి వానాకాలం, దొడ్డి వేసినప్పుడల్లా తాడు సంగతి అడగడం బాపుకు అలవాటైంది.

ఇప్పుడు ఇనుప జాలీలొచ్చాయి. తడకలు అల్లే చేతులూ లేవు, పచ్చి వాయిలి వాసనా లేదు. నేను మాత్రం ఆ ఏడాది పరీక్ష రాసి ఏడో తరగతి గట్టెక్కాను. మా ఇంట్ల ఆడపిల్ల చదువుల అంతదూరం పోవుడు అదే మొదలు.

రాసినవా శైలజా? ఇగ మొదటి సంది చదువు బిడ్డా, వింట. బాపు నన్ను బడికి పొమ్మన్న కాడ జర గట్టిగ చదువు.